కథ పూర్తయింది సరే, దిద్దడం ఎటునుంచి మొదలెట్టాలి?

శ్రీకాకుళం జిల్లా టెక్కలి వైపు నుంచి ఒక కొత్త రచయిత్రి అడిగిన ప్రశ్న ఇది. 2018 తిత్లీ తుఫానులో కొబ్బరితోట పోగొట్టుకున్న, ఆ జిల్లాలోనే ఉద్దానం ప్రాంతపు ముసలామె మీద మొదటి కథ రాశారు. 3200 పదాలు వచ్చింది. పదిసార్లు చదివారు, చదివినప్పుడల్లా నాలుగు మాటలు మార్చారు. ఏదో కుదరలేదని తెలుస్తోంది గానీ ఏది కుదరలేదో తెలియడం లేదట. రచయితలు అసలు ఎలా దిద్దుకుంటారు, మన ఉత్తరాంధ్ర యాస ఎంతవరకు ఉంచుకోవాలి, ఎప్పుడు చాలించాలి అని మూడు సంగతులు అడిగారు. చిత్తుప్రతి కూడా పంపారు కాబట్టి ఉదాహరణలన్నీ దాన్లోంచే తీస్తాను.

పదిసార్లు చదివి మాటలు మార్చడాన్ని దిద్దడం అనరు. అది నగిషీ. నగిషీ ముందే చెక్కితే వచ్చే చిక్కేమిటంటే, బాగా కుదిరిన వాక్యాన్ని కొట్టెయ్యడానికి చెయ్యి రాదు. ఆ వాక్యం కోసం పేరాని, పేరా కోసం అక్కర్లేని సన్నివేశాన్ని మోసుకు తిరుగుతాం. గోడ ఎక్కడ లేపాలో తేలకుండానే సున్నం కొట్టేసినట్టుంటుంది. అందుకని వరస ముఖ్యం. ముందు సన్నివేశాలు, ఆ తర్వాత మనుషులూ వాళ్ల మాటలూ, ఆ తర్వాత వాక్యాలు, ఆఖర్న అక్షరాలు. ఒక్కో విడతలో ఒక్కటే చూడాలి. అన్నీ ఒకేసారి చూద్దామనుకుంటే కన్ను సులువుగా దొరికేదాని మీదకే పోతుంది, అంటే అచ్చుతప్పు మీదకి.

మొట్టమొదట చెయ్యాల్సింది కథని ముట్టుకోకపోవడం. ఫైలుకి తేదీతో పేరు పెట్టి ఒక నకలు దాచి మూడు వారాలు మూసెయ్యండి. ఇది ఓపికకి పెట్టే పరీక్షేం కాదు. రాసిన కొత్తలో మన తలలో ఉన్నదీ కాగితం మీద ఉన్నదీ కలిసిపోయి కనబడతాయి. ముసలామె మొగుడు ఎలా పోయాడో మీకు తెలుసు కాబట్టి అది కథలో ఉందనే అనుకుంటున్నారు. మీ ప్రతిలో ఎక్కడా లేదు. అయిదో పేజీలో "ఆ సంగతి గుర్తొచ్చి" అని ఉంది, ఏ సంగతో పాఠకుడికి తెలీదు. మూడు వారాలు పోతే ఇలాంటి గుంటలు మీకే కనబడతాయి. ఈలోగా ఇంకో కథ చిత్తు మొదలెట్టండి. చేతిలో పని లేకపోతే వారం తిరక్కుండానే ఫైలు తెరుస్తారు.

మళ్లీ చదివేటప్పుడు ఫోన్లో చదవొద్దు. ఏ4 కాగితం మీద, ఒకవైపే, 14 సైజు అక్షరాలతో, వరసల మధ్య ఒకటిన్నర ఎడం వదిలి, కుడిపక్క రెండంగుళాల అంచు ఉంచి ప్రింటు తీయించండి. పదిహేను పేజీలు దాటుతుంది. మొదటిసారి కలం పట్టుకోకుండా ఒకే బిగిన చదవండి. రెండోసారి పెన్సిలు పట్టుకోండి, కానీ అంచులో మూడే గుర్తులు పెట్టండి: విసుగొచ్చిన చోట "వి", అర్థం కాని చోట "అ", నమ్మబుద్ధి కాని చోట "న". అక్కడే దిద్దడం మొదలెట్టారా, మళ్లీ మాటల్లో పడిపోతారు.

ఆ తర్వాత కథలో ఏం జరిగిందో ఒక్క వాక్యంలో రాయండి. "తుఫానులో తోట పోయిన ముసలామె బాధ" అని రాస్తే అది వస్తువే, కథ అవదు. ఎవరికి ఏం కావాలి, ఏది అడ్డం, చివరికి ఏం మారింది అన్నవి ఆ వాక్యంలో ఉండాలి. మీ ప్రతిలో ఆ వాక్యం దొరికే చోటు పదకొండో పేజీ. ముసలామె మనవరాలితో అంటుంది: "ఇప్పుడు మొక్కేస్తే నా పెద్దకర్మకి కాయలొస్తాయి గావాల." (గావాల అంటే కాబోలు.) కథంతా ఈ మాటలో ఉంది. నాటు రకం కొబ్బరి కాపుకి రావాలంటే ఆరేడేళ్లు పడుతుంది. ఆమెకి డెబ్బై రెండు. నాటాలా, మానాలా? ఈ ప్రశ్నని మీరు కథ మూడొంతులు అయ్యాక, అదీ ఒక నవ్వులాటగా అనిపించి వదిలేశారు. ఇలా కావడం మామూలే. కథ దేని గురించో రాసినవాళ్లకి చాలాసార్లు చిత్తుప్రతి చివరికి వచ్చాకే తెలుస్తుంది. దిద్దుబాటులో సగం పని ఆ తెలిసినదాన్ని ముందుకి లాక్కురావడమే.

ఇప్పుడు ఒక తెల్లకాగితం మీద పట్టిక గియ్యండి. సన్నివేశం నంబరు, ఎక్కడ ఎప్పుడు, ఎవరున్నారు, ఆ సన్నివేశం అయ్యేసరికి ఏం మారింది, ఎన్ని పదాలు. నాలుగో గడి కీలకం. అక్కడ రాయడానికి ఏమీ దొరకలేదంటే ఆ సన్నివేశం ఊరికే కూర్చుందని అర్థం. మీ కథలో తొమ్మిది సన్నివేశాలున్నాయి. మొదటిది 640 పదాలు, అంటే కథలో అయిదో వంతు, అందులో గాలీ వానా తప్ప మనిషి లేదు. ముసలామె మూడో పేజీలో గానీ రాదు. దీన్ని 150కి దించొచ్చు, ఆమెని మొదటి పేరాలోనే నిలబెట్టి ఆమె చెవికి వినబడిన గాలిని మాత్రం ఉంచి. నాలుగో సన్నివేశంలోనూ ఆరో సన్నివేశంలోనూ చెన్నై నుంచి కొడుకు ఫోను చేస్తాడు, రెండుసార్లూ "నా దగ్గరికి వచ్చీ" అనే అంటాడు, రెండుసార్లూ ఆమె రానంటుంది. 380, 310 కలిపి 690 పదాలు. ఒక్క ఫోను చాలు, 400 పదాల్లో అవుతుంది. చివరి సన్నివేశంలో ఆఖరి 250 పదాలు కథకి అర్థం చెబుతున్నాయి. వాటిని తీసెయ్యండి. మొత్తం 1030 పోయి 2170 మిగులుతుంది.

కొట్టివేత అయ్యాక చేర్పు చూడాలి. కొత్తవాళ్లు దిద్దడమంటే కత్తెర అనుకుంటారు. ప్రతి చిత్తులోనూ రాసినవాళ్లు తప్పించుకు పోయిన సన్నివేశం ఒకటుంటుంది, సాధారణంగా అన్నిటికంటే కష్టమైనది. దాన్ని పట్టుకునే గుర్తు ఏమిటంటే, పెద్ద సంగతి ఒక్క వాక్యంలో తేలిపోతుంది. మీ ఏడో పేజీలో "పడిపోయిన చెట్ల లెక్క రాసుకుని వాళ్లు వెళ్లిపోయారు" అని ఉంది. నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లకి ఆ లెక్క చెప్పాల్సింది ముసలామే కదా! ఎన్ని చెట్లు, ఏ వయసువి, తలలోని మొవ్వు విరిగి నిలబడ్డదాన్ని పడ్డ చెట్టు కింద రాస్తారా రాయరా? ఒక్కో చెట్టూ చూపిస్తూ ఆమె నడవాలి. అక్కడ 450 పదాలు పెట్టండి. కథ 2620కి వస్తుంది. పదాలు తగ్గినా కథ బరువెక్కుతుంది.

ఇంతలా కదిపితే మొదట వచ్చిన ఊపు చెడిపోదా అని భయం ఉంటుంది. విజయనగరంలోనే దీనికి పెద్ద సాక్ష్యం ఉంది. కన్యాశుల్కం 1897లో అచ్చయింది, గురజాడ దాన్ని 1909లో మళ్లీ అచ్చు వేయించేసరికి అయిదంకాల నాటకం ఏడంకాలైంది, మధురవాణి పాత్ర బాగా పెరిగింది. ఈ రోజు మనం ఆడుతున్నదీ చదువుతున్నదీ ఆ రెండోదే. రెండు కూర్పులూ పక్కపక్కన పెట్టుకుని ఒక్క అంకం చదివినా దిద్దుబాటు అంటే ఎంత దూరం పోవచ్చో తెలుస్తుంది. (ఆ తర్వాతి ఏడాది, 1910లో వచ్చిన ఆయన కథ పేరు 'దిద్దుబాటు' కావడం మాత్రం వేరే సంగతి. అక్కడ దిద్దింది మొగుణ్ణి.) శ్రీకాకుళంలో మీకు ఇంకో సదుపాయం ఉంది. కాళీపట్నం రామారావుగారు 1997లో మొదలెట్టిన కథానిలయంలో పాత పత్రికలూ కథాసంపుటాలూ రెండూ ఉన్నాయి. మీకిష్టమైన కథని పత్రికలో పడ్డ రూపంలో ఒకసారి, సంపుటంలోకి ఎక్కిన రూపంలో ఒకసారి చదవండి. రెండూ తేడాగా కనబడ్డ కథ దొరికితే ఏ మాట పోయింది, ఏది చేరింది అన్నది వరసగా రాసుకోండి. పాఠాలు వినడం కంటే ఇది త్వరగా పని నేర్పుతుంది.

సన్నివేశాలు కుదిరాక ఎవరి కళ్లతో చూస్తున్నామో చూసుకోవాలి. మీ కథ ముసలామె వెంట నడుస్తోంది. మరి మొదటి పేజీలో "గంటకి ఇన్ని కిలోమీటర్ల వేగంతో తీరాన్ని తాకింది" అన్నది ఎవరికి తెలుసు? ఆమెకి తెలిసిందల్లా తలుపు గడియ ఊగడం, పెంకులు లేచిపోవడం. రేడియో చెప్పినట్టు ఉన్న వాక్యాలన్నీ గీతగీసి, ఒక్కోదాని పక్కన "ఇది ఈవిడకి ఎలా తెలుసు?" అని రాయండి. జవాబు లేనివి పోతాయి. మనవరాలి మనసులో మాట ఒకటి ఎనిమిదో పేజీలో దూరింది, అదీ పోవాలి. లేదా ఆ పిల్ల ముఖంలోనో చేతల్లోనో కనబడాలి.

ఇక తిరగరాయడం. పాత ఫైలులో అక్కడక్కడ అతుకులు వెయ్యకండి. దిద్దిన ప్రింటు పక్కన పెట్టుకుని కొత్త ఫైలులో మొదటి అక్షరం నుంచి మళ్లీ కొట్టండి. దండగ పనిలా అనిపిస్తుంది. కానీ మళ్లీ కొట్టాల్సి వచ్చినప్పుడు ఒళ్లు బద్ధకిస్తుంది, ఆ బద్ధకమే మంచి సంపాదకుడు. అక్కర్లేని వాక్యాన్ని రెండోసారి కొట్టబుద్ధి కాదు. అతుకులేస్తే ఇంకో ఇబ్బంది కూడా ఉంది. పాత పేరా ఒక ఊపులో, కొత్త పేరా ఇంకో ఊపులో పోతాయి, కలిపిన చోట ఎత్తు కుదరని మెట్టులా కాలికి తగులుతుంది. 2600 పదాలకి రోజుకి గంటన్నర చొప్పున వారం చాలు.

మీ రెండో ప్రశ్న యాస. దీని మీద కొంచెం నిలబడాలి.

ముందు ఒక నిర్ణయం తీసుకోండి: కథనం కూడా యాసలోనా, సంభాషణలేనా? రెండూ చెల్లుతాయి. చెల్లనిది కలగాపులగం. మీ ప్రతిలో కథనం మొదటి నాలుగు పేజీలు పత్రికల భాషలో ఉంది, అయిదో పేజీలో హఠాత్తుగా "ఎలిపోనాది" అని కథకుడే అంటాడు, ఆరో పేజీలో మళ్లీ "వెళ్ళిపోయింది". మీ కథ ముసలామె వెంటే ఉన్నా చెప్పేది ఆమె కాదు కాబట్టి కథనం మామూలు వాడుకభాషలో, మాటలు యాసలో ఉంచడం నయమని నా అభిప్రాయం. ఆమే చెప్పే కథైతే వేరే మాట.

నిర్ణయం అయ్యాక ఒక యాస పట్టీ రాసుకోండి, మనిషికో అరపేజీ. ముసలామెకి: నాను, నేదు, ఏటి, అంతాది, ఒచ్చీసినాడు, గుంట (ఆడపిల్ల), గావాల. చెన్నైలో పాతికేళ్లుగా ఉన్న కొడుక్కి: నేను, లేదు, కానీ కోపమొస్తే "ఏటి". కాలేజీలో చదివే మనవరాలికి: చెప్పు, చూడు అన్నీ పుస్తకంలోలాగే, అయినా "తినీసాను", "వచ్చీ" మాత్రం పోవు. ఒకే ఇంట్లో ముగ్గురు మూడు రకాలుగా మాట్లాడతారు, యాసలో ఉన్న సొగసు అదే. మీ ముసలామె మూడో పేజీలో "నేదు" అంటుంది, తొమ్మిదో పేజీలో "లేదు" అంటుంది. ఫైలులో ఆ మాట వెతికి ప్రతిచోటా పట్టీతో సరిచూడండి. ఇంకో జాగ్రత్త, సినిమాల ప్రభావం. పదో పేజీలో ఆమె "ఏందయ్యా" అంది. ఆ మాటతో మనిషి ఉద్దానం నుంచి లేచి గుంటూరు బస్సెక్కేసింది. ఇక్కడ "ఏటి బావూ" అంటారు. అలాగే ఆమె తన అక్కని పిలవాల్సింది "అప్పా" అని. మీరు "అక్కా" అని రాసింది బడి అలవాటు.

యాసని మోసేది ఉచ్చారణ ఒక్కటే అనుకోవడం పెద్ద పొరపాటు. ప్రతి చ-ని స చేసి, ప్రతి శ-ని స చేసి, ప్రతి వ-ని ఒ చేసి రాస్తే కడప పాఠకుడు అక్షరాల దగ్గరే తట్టుకుని పడతాడు, కథ దాకా రాడు. యాసకి అసలు బలం క్రియలో, ఆ చోటు మాటల్లో, వాక్యం తిరిగే తీరులో ఉంది. "ఒచ్చీసినాడు"లో ఉన్న ఆ "ఈసి", "కాబోలు" అనాల్సిన చోట "గావాల" రావడం, "అంటాను" అన్నది "అంతాను" కావడం. వీటిని గట్టిగా పట్టుకుని ధ్వని మార్పుల్ని ఒక్క ముసలామెకే ఉంచండి. ఎవరైనా మీ వాక్యం బిగ్గరగా చదివితే మన చెవికి మనిషి కనబడాలి, అది కొలత.

కుండలీకరణాల్లో అర్థాలివ్వడం మానెయ్యండి. "గెడ్డ (వాగు)" అని రాసిన క్షణం కథలోంచి పాఠకుణ్ణి లేపి తరగతిలో కూర్చోబెట్టినట్టు. "గెడ్డలో నీళ్లు మోకాలి దాకా ఉన్నాయి, చీర ఎత్తి కుచ్చెళ్లు దోపుకుంది" అంటే గెడ్డంటే ఏమిటో ఎవరూ అడగరు.

వాక్యాల విడతకి వచ్చేసరికి తెలుగులో తరచూ ఎదురయ్యే నాలుగైదు చిక్కులుంటాయి. మన క్రియ వాక్యం చివర వస్తుంది కాబట్టి చిన్న వాక్యాలు వరసగా పడితే "లేచింది, చూసింది, నడిచింది, ఏడ్చింది" అని డప్పు కొట్టినట్టుంటుంది. దానికి విరుగుడుగా కొందరు క్రియని బలవంతంగా ముందుకి తెస్తారు, అది కవిత్వం నటించినట్టు ఉంటుంది. క్రియ లేని వాక్యం మన భాషలో హాయిగా నిలబడుతుంది, దాన్ని వాడుకోండి: "తోటంతా నేలమట్టం." రెండు పనుల్ని ఒక్క వాక్యంలోకి మడవండి. కర్త తెలిసిపోతుంటే ఆమె ఆమె అని ప్రతిసారీ అనక్కర్లేదు. మీ నాలుగో పేజీలో ఒక్క పేరాలో తొమ్మిది "ఆమె"లు లెక్కపెట్టాను, ఆరు తీసేసినా అర్థం చెడలేదు.

"వెళ్లి, తీసి, చూసి, పెట్టి" అనే గొలుసు మూడు దాటనివ్వకండి. అంతకంటే ప్రమాదం గొలుసులో కర్త మారిపోవడం. "కొడుకు ఫోను పెట్టేసి, ఆమె వాకిట్లోకి వచ్చింది" అని రాశారు. పెట్టేసింది కొడుకు, వచ్చింది ఆమె. ఇద్దరి పనులకి ఆ "సి" ముడి పడదు, "పెట్టేశాక" అనాలి. "వానపడి గెడ్డ నిండింది" అన్నప్పుడు కర్తలు వేరైనా ఫరవాలేదు, ఎందుకంటే మొదటిది రెండోదానికి కారణం. ఈ తేడా చెవికి తెలుస్తుంది, కంటికి తెలీదు.

నామవాచకం ముందు విశేషణాల బండి కట్టడం ఇంకో జబ్బు. "నిన్నటి గాలికి వేళ్లతో సహా పెకలిపోయిన, ఆమె పెళ్లైన ఏడాది మామగారు నాటిన చెట్టు దగ్గర ఆగింది." చెట్టు వచ్చేదాకా పాఠకుడు ఊపిరి బిగపట్టాలి. విరిచెయ్యండి: "ఆ చెట్టు దగ్గర ఆగింది. పెళ్లైన ఏడాది మామగారు నాటింది. వేళ్లతో సహా పెకలిపోయింది." ఇవి కాక "యొక్క", "నాటబడిన", "చేయబడిన" లాంటివి, అవసరం లేని "ఒక", "ఎంతో", "ఏదో", "ఒక్కసారిగా". మీ ఫైలులో "ఒక్కసారిగా" పదకొండుసార్లు ఉంది. అన్నీ ఒక్కసారిగా జరిగితే ఏదీ ఒక్కసారిగా జరిగినట్టుండదు.

మనసులో బాధ చెప్పే మాటలు కూడా వెతికి పట్టుకోండి: గుండె బద్దలైంది, కుమిలిపోయింది, కన్నీళ్లు ధారలు కట్టాయి. మీ చిత్తులో ఇలా ఉంది:

"నేలకొరిగిన, తన బిడ్డల్లాంటి చెట్లను చూసి ఆమె గుండె బద్దలైంది. కన్నీళ్లు ధారలుగా కారుతుండగా ఒక చెట్టు దగ్గరకు వెళ్లి దానిని ప్రేమగా నిమిరి భర్త జ్ఞాపకాలలో మునిగిపోయింది."

ఇలా ఉండొచ్చు: "మొవ్వు విరిగిన చెట్టు దగ్గర ఆగింది. కాయలింకా గెలకే ఉన్నాయి. కత్తి తెమ్మని మనవరాల్ని కేకేసింది."

కొబ్బరికి ఎదిగే చోటు ఒక్కటే, తలలో ఉన్న మొవ్వు. అది విరిగితే చెట్టు నిలబడి ఉన్నా చచ్చినట్టే. ఆ సంగతి ముసలామెకి తెలుసు, తెలిసీ కాయల కోసం కత్తి అడిగింది. ఇక గుండె బద్దలైందని మీరు చెప్పక్కర్లేదు. కొబ్బరి తెలియని పాఠకుడికి ఈ మొవ్వు సంగతి అందాలంటే, లెక్క రాసేవాళ్ల సన్నివేశంలో ఆమె చేతే అనిపించండి, ఇక్కడ వివరణ పెట్టొద్దు. సంభాషణ చివర "అన్నాడు, అంది" చాలు. "వాపోయింది, ఆక్రోశించింది, నిట్టూరుస్తూ పలికింది" అన్నవి మాట చెయ్యలేని పనిని క్రియ చేత చేయించడమే.

వాస్తవాల తనిఖీ వేరే రోజు పెట్టుకోండి, అంచులో "సరిచూడు" అని రాసుకున్న చోట్లకి మాత్రమే. మీ ప్రతిలో పట్టుబడ్డవి చెబుతాను. తిత్లీ తీరం దాటింది 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున, పలాస ప్రాంతంలో. అప్పుడు వరి ఇంకా పొలంలోనే ఉంటుంది, కోతలు నవంబరు, డిసెంబరుల్లో. కాబట్టి "కళ్లంలో కుప్పలు తడిసి మొలకలొచ్చాయి" కుదరదు, పాలకంకి వాలిపోవచ్చు. మర్నాటి రాత్రి తోటలో వెన్నెల కాసిందన్నారు. ఆ ఏడు దేవీ నవరాత్రులు అక్టోబరు 10న మొదలయ్యాయి, అంటే అమావాస్య దాటి రెండు మూడు రోజులే. సన్నని నెలవంక పొద్దుపోకుండానే అస్తమించేస్తుంది. లాంతరు ఇవ్వండి ఆమెకి. కరెంటు స్తంభాలు కూలిన ఊరికి ఆ సాయంత్రమే చెన్నై నుంచి ఫోను రావడం నమ్మబుద్ధి కాదు. నాలుగు రోజులాగి రానివ్వండి, ఆ నాలుగు రోజుల నిశ్శబ్దం కథకే లాభం. కొడుకు రైలు దిగి "శ్రీకాకుళం స్టేషను బయట రిక్షా ఎక్కి ఊళ్లోకి" వెళ్లాడు. శ్రీకాకుళం రోడ్ స్టేషనున్నది ఆమదాలవలసలో, పట్నంలో కాదు. అసలు ఉద్దానం పోవాల్సినవాడు పలాసలో దిగుతాడు. చుట్టాలమ్మాయిది "విజయనగరం జిల్లా రాజాం" అన్నారు. రాజాం విజయనగరం జిల్లాలో కలిసింది 2022 ఏప్రిల్‌లో, మీ కథ నడిచే 2018లో అది శ్రీకాకుళం జిల్లా. విజయనగరం సిరిమాను ఉత్సవం ప్రస్తావన బాగుంది గానీ శుక్రవారం కాదు, విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం. స్థానిక పాఠకుడు ఇలాంటి తప్పు ఒక్కటి పట్టుకున్నాడంటే ముసలామె ఏడుపు కూడా అబద్ధమేనేమో అనుకుంటాడు.

ఇప్పుడు ఎవరికైనా చదవడానికి ఇవ్వొచ్చు, అంతకుముందు వద్దు. ముగ్గురు చాలు. కొబ్బరి పని తెలిసిన ఉద్దానం మనిషి ఒకరు, ఆయన్ని పని తీరూ మాట తీరూ మాత్రమే అడగండి. మన యాస రాని బయటి జిల్లా పాఠకులు ఒకరు. కథలు బాగా చదివే అలవాటున్నవారు ఒకరు. "ఎలా ఉంది?" అనడిగితే "బాగుంది" అంటారు, అందులో మీకు దక్కేదేం లేదు. ఎక్కడ ఆగి చాయ్ తాగడానికి లేచారు, ఏ పేజీలో వెనక్కి తిప్పాల్సి వచ్చింది, కథని నాలుగు వాక్యాల్లో చెప్పండి అని అడగండి. వాళ్లు చెబుతున్నప్పుడు మీరు వివరించకండి. వివరించాల్సి వచ్చిందంటే అది కాగితం మీద లేదన్నమాట. ఇద్దరు ఒకే చోట వేలు పెడితే ఆ చోట తప్పుంది, సందేహం లేదు. కానీ వాళ్లు చెప్పే మందు చాలాసార్లు తప్పుంటుంది. ఫోను సన్నివేశంలో విసుగొచ్చిందని, కొడుకు పాత్రనే తీసెయ్యమనొచ్చు. విసుగు నిజం, తీసెయ్యడం అనవసరం.

ఆ తర్వాత ఒకసారి కథ మొత్తం బిగ్గరగా చదివి ఫోన్లో రికార్డు చేసుకోండి. ఈ నిడివికి అరగంట దాకా పడుతుంది. వినేటప్పుడు ప్రతి పక్కన పెట్టుకుని, నాలుక తడబడ్డ చోట్ల చుక్క పెట్టండి. వీలైతే ముసలామె మాటలు ఆ యాస నోట ఉన్నవాళ్ల చేత చదివించండి. వాళ్లు తమకి తెలియకుండానే మార్చి చదివే మాటలుంటాయి, వాళ్లు మార్చిందే సరైనది.

అచ్చుతప్పుల పని ఆఖరు. వెళ్ళి, వెళ్లి రెండూ వాడారు, ఒకటి ఎంచుకోండి. ఫోన్లో కొడితే సొంతంగా సరిచేసే సదుపాయం ఆపెయ్యండి, అది "నేదు"ని "నేడు" చేసి కూర్చుంటుంది, మీ ప్రతిలో రెండు చోట్ల చేసింది. అచ్చుపనికి వాడే "అను" ఫాంట్లలో కొట్టించి యూనికోడ్‌లోకి మార్పిస్తే కొన్ని ఒత్తులు విరుగుతాయి, కాబట్టి మార్చిన ప్రతిని మళ్లీ చదవాలి. చివరి పేరా నుంచి మొదటి పేరా వైపు వెనక్కి చదివితే కథ లాక్కుపోదు, తప్పులు కనబడతాయి.

ఎప్పుడు చాలించాలి అన్నారు. మూడు ప్రతులు, మహా అయితే నాలుగు. నిన్న తీసిన మాటని ఇవాళ పెట్టి, ఇవాళ పెట్టినదాన్ని రేపు తీస్తున్నారంటే అయిపోయినట్టే, పంపెయ్యండి. పంపేముందు పత్రిక చెప్పిన పదాల పరిమితి చూడండి. 2620 ఎక్కువైతే వాళ్ల కత్తెరకి వదలకుండా మీరే తగ్గించండి లేదా ఇంకో పత్రిక చూడండి.

సంపాదకుడు యాస తగ్గించమంటే మొండికెయ్యక్కర్లేదు. "సెట్టు"ని "చెట్టు" చేస్తానంటే చెయ్యనివ్వండి, పోయేదేం లేదు. పెద్దకర్మ వాక్యం చివర "గావాల" తీసి "కాబోలు" పెడతానంటే మాత్రం ఒప్పుకోవద్దు. ఆ మాటలో ముసలామె నవ్వుతోంది, "కాబోలు"లో నవ్వదు.